కురిడీ కాయలతో లంక దాటిన క్రిస్మస్

మా ఇంటి నడవలో గోడమేకుకి రెండు ఎండు కొబ్బరికాయలు పీచుతో సహా వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళు దిష్టికి కట్టామనుకుంటారు. దిష్టికైతే గుమ్మం బయట గుమ్మడికాయ కట్టాలి గానీ ఇంటి లోపల ఇవేమిటని కొందరు అడుగుతారు. నేను లేచి వాటిని ఒకసారి ఊపి చూపిస్తాను. లోపల కొబ్బరిగుండు లొడలొడమంటుంది. ఆ తర్వాత ప్రయాణం మొత్తం చెప్పక తప్పదు. చెప్పీ చెప్పీ, ఇక రాసిపెట్టడమే మేలనిపించింది. డైరీ దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

క్రిస్మస్ సెలవులకి చిన్నపిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి, చేతిలో పెద్దగా డబ్బు లేనప్పుడు ఏం చూపించాలి అని మా అనంతపురం మిత్రులు అడుగుతుంటారు. మేం కోనసీమ వెళ్ళాం. రైలుకీ బస్సుకీ అయింది తప్పిస్తే, అక్కడ పిల్లల సంతోషానికి నేను కొన్నవి రంగుకాగితాలు, కాస్త మైదాపిండి. ఇంకొకటి కూడా కొన్నాను గానీ అది నా తెలివితక్కువతనం. ఆ సంగతి దాని చోట చెబుతాను.

మా కోడలు కరుణది రాజోలు ప్రాంతం. వాళ్ళది తరాల నుంచి క్రైస్తవ కుటుంబం. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆ ఏడు పండక్కి ఆమెకి సెలవు ఇవ్వలేదు, మా అబ్బాయికీ దొరకలేదు. మా ఆవిడ మోకాళ్ళు రైలెక్కే స్థితిలో లేవు. కాబట్టి ఏడేళ్ళ సుమనీ, నాలుగేళ్ళ చిన్నునీ తీసుకుని నేనొక్కణ్ణే బయల్దేరాను.

స్టేషన్లో కరుణ నాకు ఒక పని అప్పజెప్పింది. "మావయ్యగారూ, మా అమ్మమ్మ లంకలో ఉంటుంది. సుమని పొత్తిళ్ళలో చూసింది, అంతే. ఇప్పుడు కళ్ళు పోయాయి, కాళ్ళు లేవవు. మనిషి మొహం చేత్తో తడిమి చూసుకుంటుంది. పండగ రోజున ఆవిడ చెయ్యి ఒక్కసారి సుమ మొహం మీద పడితే చాలండీ నాకు." సుమ చెయ్యి నాకందిస్తూ, "వచ్చే పండక్కి చూపిద్దామని ఊరుకోలేనండీ" అంది.

లంక అంటే గోదావరి పాయ మధ్యలో తేలిన దిబ్బ. అక్కడికి పడవ తప్ప దారి లేదు. మా సుమకి నీళ్ళంటే భయం. మూడేళ్ళప్పుడు పక్కింటి వాళ్ళు నేలలో కట్టుకున్న నీళ్ళ సంపులో పడిపోయింది. క్షణాల్లో తీశారు, ఏమీ కాలేదు. కానీ ఆనాటి నుంచి తలమీద చెంబుతో నీళ్ళు పోసినా గోడ పట్టుకుని నిలబడుతుంది. నది లేని, చెరువు ఎండిన ఊళ్ళో పిల్ల నీళ్ళకి భయపడితే ఎవరికీ ఇబ్బంది లేదు, మేమూ పట్టించుకోలేదు.

రాజమండ్రి వంతెన

గోదావరి మీదికి రైలు రాగానే పెట్టెలో అందరూ లేచారు. చిల్లర పైసలు తీసి కిటికీలోంచి విసురుతున్నారు. ఎదురు సీటులో ఒక పెద్దావిడ కళ్ళకద్దుకుని మరీ వేసింది. చిన్ను నన్నొక పావలా అడిగి విసిరాడు. అది కిటికీ ఊచకి తగిలి ఠంగుమని వెనక్కొచ్చి ఎవరి సీటు కిందికో దొర్లిపోయింది. వాడు ఏడుపందుకున్నాడు. ఆ పెద్దావిడ తన కొంగు ముడి విప్పి ఇంకొక పావలా వాడి చేతిలో పెట్టింది.

"ఇదిగో నాన్నా, ఇదెయ్యి. అదేమో రైలుకిచ్చేవనుకో. దానికీ కావాలిగా."

సుమ మాత్రం నా ఒడిలో మొహం దాచుకుంది. "అయిపోయిందా తాతా?" అంటుంది. "ఇంకా లేదమ్మా." మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు?" ఆ వంతెన అంత పొడుగని చదివి ఉన్నాను గానీ, ఆ పిల్ల ఊపిరి నా మోకాలి మీద వెచ్చగా తగులుతూ ఉంటే ఇంకా పొడుగనిపించింది.

అంబాజీపేట

రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మీదుగా బస్సు. దారంతా ఏదో ఒక పక్క కాలవ ఉంటూనే ఉంది. కాలవ కుడివైపుంటే సుమ నాకు ఎడమవైపుకి మారింది. రోడ్డు తిరిగి కాలవ ఎడమకి రాగానే మళ్ళీ లేచి ఇటు వచ్చింది. చివరికి విసుగొచ్చి, "కాలవ లేని పక్క యాడుంది తాతా?" అంది.

టిక్కెట్లు కొడుతున్న కండక్టరు విన్నాడు. "నేనూ ఇరవయ్యేళ్ళ నుంచి వెతుకుతున్నానమ్మా. కనపడితే నాక్కూడా చెప్పు" అని ముందుకి వెళ్ళిపోయాడు.

అంబాజీపేటలో టిఫినుకి ఆపారు. అక్కడ ఇడ్లీపిండిని పనసాకులతో కుట్టిన చిన్న బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పొట్టిక్కలంటారు. ఆకు విప్పితే ఇడ్లీ మీద ఈనెల గుర్తులు పడి ఉంటాయి, పనసాకు వాసన పట్టి ఉంటుంది. మా ఊళ్ళో ఇడ్లీ ధరకంటే అర్ధరూపాయి ఎక్కువ. సుమ తిన్నాక ఆకుబుట్ట పారెయ్యకుండా పుల్లలెక్కడ గుచ్చారో విప్పి చూసుకుంది.

వీధి పొడుగునా కొబ్బరికాయల గుట్టలు, లారీలకెత్తే మనుషులు. వియ్యపురాలి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడం మా వైపు మర్యాద కాదు. ఆ కాయలు చూస్తే మా అనంతపురం కాయలకి రెట్టింపున్నాయి, ధర సగమైనా లేదు. ఒక దుకాణం ముందు నిలబడి ఒక బుట్టకి సరిపడా ఇమ్మన్నాను.

"ఎందాకండీ తమరి ప్రయాణం?" అన్నాడు షావుకారు.

"రాజోలు అవతలండీ. వియ్యాలవారింటికి."

ఆయన చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది. "ఆయ్" అని బుట్టలో పెట్టి, మూతికి శ్రద్ధగా తాడు కట్టి ఇచ్చాడు. కోనసీమవారు చాలా మర్యాదస్తులని అంతకుముందు విన్నాను. ఎంత మర్యాదస్తులో సాయంత్రానికి గానీ తెలియలేదు.

గన్నవరం దగ్గర

ఇక్కడ కాలవ గోదావరి పాయ మీదుగా వెళుతుంది. కింద నది, పైన కమానుల మీద కాలవ. నేను తాలూకా ఆఫీసులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆవరణలోని వానకొలత పాత్ర చూసి రాయడం నా పనే. రోజూ పొద్దున్నే వెళ్ళి మూత తీసి చూసి, సున్నా వేసి వచ్చేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోక ఇంటి డైరీలో వాన గడి ఒకటి గీసుకుంటాను. అలాంటి నాకు నీళ్ళ కింద నీళ్ళు కనబడేసరికి ఎవరికైనా చూపించాలనిపించింది. పక్కన సుమ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చిన్ను నిద్రపోతున్నాడు. చెప్పుకోవడానికి మనిషి లేక, ముందు సీటాయన భుజం తట్టి, "చూశారాండీ" అన్నాను. ఆయన చూశాడు, ఏం చూడాలో తెలియక నావైపు తిరిగి, "ఏవైనా పడిపోయిందాండీ?" అన్నాడు.

కాలవగట్టు ఇల్లు

మా వియ్యపురాలు మార్తమ్మగారు పంచాయతీ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు సుధాకర్ కూడా టీచరే. కాలవగట్టు మీద పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. నేను బుట్ట వాకిట్లో దింపి, "ఏదో, పిల్లల కోసం" అన్నాను. సుధాకర్ తాడు విప్పాడు. లోపలికి చూశాడు. తలెత్తి పైన కొబ్బరిగెలల వైపు చూశాడు.

"మావయ్యగారూ, ఇవి అనంతపురం కాయలాండీ?"

"అంబాజీపేటలో కొన్నాను నాయనా."

"ఆయ్" అన్నాడు. ఆ మాట వినగానే షావుకారు మొహం గుర్తొచ్చింది.

మార్తమ్మగారు కొడుకుని కసిరారు. "నవ్వకు. అన్నయ్యగారు ప్రేమగా తెచ్చేరు. ఈ పండక్కి కజ్జికాయలు వీటితోనే చేస్తాను." అన్నట్టే చేశారు. అయితే వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటి పెట్టి, "అన్నయ్యగారు కొనుక్కొచ్చిన కాయలతోనండీ" అని కూడా చెప్పారు. పండగ అయ్యేలోగా ఊరంతటికీ నేను తెలిసిపోయాను.

మా వైపు ఇంటికొచ్చినవారికి ముందు చెంబుతో నీళ్ళిస్తాం. ఇక్కడ బొండం కొట్టి ఇచ్చారు. చేతులు కడుక్కోవడానికి నేను చెంబు నీళ్ళు పొదుపుగా వాడుతుంటే సుధాకర్ మిగిలిన బిందె మొత్తం నా పాదాల మీద కుమ్మరించాడు. నాకు మనసొప్పలేదు. ఆ నీళ్ళు అరటిమొక్కలోకి పోతాయని చూపించాక ఊరట కలిగింది. పిల్లలకి కూడా అండీ అనే మాట్లాడతారు. చిన్ను రెండో రోజుకే ఆయ్ పట్టేశాడు. "అన్నం తింటావా నాన్నా?" "ఆయ్." "నిద్రపోతావా?" "ఆయ్." పోడు, మాట మాత్రం మర్యాదగా అనేవాడు.

తీరిక కాలానికి ఏం చెయ్యాలా అని పిల్లలు అడగనే లేదు. సుధాకర్ కొబ్బరాకు చీల్చి బూర చేసిచ్చాడు, గిరగిర తిరిగే చక్రం చేశాడు, నా మణికట్టుకి కూడా ఒక వాచీ కట్టాడు. మార్తమ్మగారు పనసాకులు కోయించి పుల్లలతో బుట్టలు గుచ్చడం నేర్పారు. సుమ అంబాజీపేటలో విప్పి చూసింది కదా, మొదటి బుట్టే నిలబెట్టేసింది. నాది రెండుసార్లు పిండి కారింది.

అన్నిటికంటే పెద్ద పని నక్షత్రం. ఆ ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళన్నిటి మీదా పండక్కి వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం వేలాడుతుంది, లోపల బల్బు వెలుగుతుంది. రాజోలులో రంగుకాగితాలు కొన్నాం, మైదాతో జిగురు కాచాం. చిన్ను జిగురు గిన్నెలో కాలు పెట్టి వాకిలంతా అడుగులు వేశాడు. ఈ నక్షత్రం లంకలో ఉన్న తాతమ్మగారి ఇంటికని సుమే అంది.

"తాతమ్మకి కండ్లు కనపడవు కదా, స్టార్ ఎందుకు?" అన్నాడు చిన్ను.

సుమ కత్తెర పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించింది. తర్వాత వెళ్ళి ఎండు కొబ్బరాకులు ఏరుకొచ్చి సన్నగా చీల్చి నక్షత్రానికి తోకలా కట్టించుకుంది. గాలి వీస్తే గలగలమంటుంది. "కనపడకపోతే ఇనపడతాది" అంది తమ్ముడితో.

సుధాకర్ మెచ్చుకుని, "మరి నువ్వే తీసుకెళ్ళి కట్టాలి తాతమ్మకి" అన్నాడు.

"చిన్ను తీసుకుపోతాడు. నేను రాను" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

నేను చెప్పిన పాఠం

నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. భయాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలనుకున్నాను. మొదటి పొద్దున కాలవ కనబడేంత దూరంలో నిలబెట్టాను. మర్నాడు గట్టు దాకా. ఆ మర్నాడు కాగితపు పడవలు చేసి రేవు మెట్లు దింపి తీసుకుపోదామనుకున్నాను. "చూడమ్మా, ఇక్కడ నీళ్ళు మోకాలి లోతే" అంటూ నీటి అంచు మెట్టు మీద కాలు పెట్టానో లేదో, నాచు మీద జారి నడుం దాకా కాలవలో కూర్చున్నాను. గిన్నెలు తోముకుంటున్న ఇద్దరాడవాళ్ళు చెయ్యందించి లేపారు.

"ఈత రాదాండీ?" అని ఒకావిడ అడిగింది.

"మా ఊళ్ళో ఈత నేర్చుకునేన్ని నీళ్ళు ఉండవమ్మా."

"పాపం" అంది ఆవిడ, నేను అన్నానికి లేనివాణ్ణన్నట్టు.

గట్టు మీద సుమ వణికిపోతోంది. నా తడిపంచె పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చింది. నేను మూడు రోజులుగా ముందుకి జరిపినదంతా ఒక్క జారుతో వెనక్కి పోయింది. ఆ మధ్యాహ్నం పిల్ల పెరట్లోకి కూడా రాలేదు.

అటక

మార్తమ్మగారు నాకు పొడిపంచె ఇచ్చి, "అన్నయ్యగారూ, ఏవీ అనుకోకండి. దాన్ని నీళ్ళ దగ్గిరికి రమ్మనడం మానెయ్యండి" అన్నారు. "మా పిల్లలెవర్నీ మేం నీళ్ళలోకి రమ్మని పిలవలేదండీ. కాయలు కట్టి వదిలేసేవాళ్ళం."

వంటింటి మీద అటకలో ఒలవని కొబ్బరికాయలు పరిచి ఉంటాయి. కింద పొయ్యి సెగకి ఏడాదిపాటు అలా ఉంటే లోపలి నీరు ఇంకిపోయి కొబ్బరి గుండులా విడిపోతుంది. కురిడీ అంటారు. ఆ కాయ పీచుతో సహా తేలిగ్గా ఉంటుంది, నీళ్ళలో బెండులా తేలుతుంది. రెండు కాయల పీచు కొంచెం చీల్చి ఒకదానికొకటి ముడివేసి, పాతచీర పేలికతో వీపుకి కట్టి పిల్లల్ని కాలవలో వదులుతారు. కోనసీమలో పిల్లలకి ఈత అలాగే వస్తుందట. ఆ ఇంట్లో ఒక ఆచారం కూడా ఉంది, ఎవరి కాయలు వాళ్ళే ఏరుకోవాలి.

సుధాకర్ అటకెక్కి ఒక గంపెడు దింపాడు. మార్తమ్మగారు నీళ్ళ మాటే ఎత్తలేదు. "సుమమ్మా, వీటిలో ఒకేలా మోగే కాయలు రెండు వెతికిపెట్టమ్మా" అన్నారు.

సుమ కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పక్కన పెట్టింది. ఇంకొకటి. ఒకదాంట్లో గుండు బరువుగా కదిలింది, ఒకటి టక్కుమంది, ఒకటి అసలు పలకలేదు. చిన్ను కూడా ఊపబోతే "సప్పుడు చెయ్యద్దు" అని కసిరింది. దీపాలు పెట్టే వేళకి రెండు మిగిల్చింది. నా చెవికి రెంటికీ తేడా తెలియలేదు. మార్తమ్మగారు విని తలూపారు.

"ఈ కాయలు నీవి. వీపుకి కట్టుకుంటే గోదారైనా నిన్ను కిందికి పోనివ్వదు. ఈత నేర్చుకునే దాకా మీ అమ్మకీ ఇలాగే కట్టేను."

"అమ్మకి కూడా?"

"మీ అమ్మ బడికి కూడా కట్టుకునే వెళ్ళేది. నేనే టీచర్ని కదా, ఏం అంటాను?"

ఆ మాట పిల్లకి పట్టింది. కట్టించుకుంది. నీళ్ళకోసం కాదు, ఊరికే. వాటితోనే అన్నం తింది, వాటితోనే గిరగిర తిరిగింది, పడుకునేటప్పుడు మాత్రం విప్పి తలదగ్గర పెట్టుకుంది. ఇంట్లో ఎక్కడున్నా లొడలొడ వినిపిస్తూ ఉండేది. మర్నాడు ఆ లొడలొడ వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి గట్టు మీదికి వెళ్ళడం నేను అరుగు మీద కూర్చుని విన్నాను. లేచి చూడలేదు. మార్తమ్మగారు వద్దని కళ్ళతోనే చెప్పారు.

ఎస్టీడీ బూత్

పండగ ముందురోజు సాయంత్రం రాజోలు వెళ్ళి కరుణకి ఫోను చేశాను. బూతు ముందు వరస. ఆసుపత్రిలో ఎవరో పిలుచుకొచ్చేదాకా మీటరు వైపు చూస్తూ నిలబడ్డాను.

"పిల్లలు బావున్నారమ్మా. చిన్ను ఆయ్ అంటున్నాడు."

నవ్వింది. తర్వాత, "సుమ పడవెక్కుతుందాండీ?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "గట్టు దాకా వచ్చింది."

"బలవంతం చెయ్యకండి మావయ్యగారూ. ఏడిస్తే వద్దు. అమ్మమ్మకి మాత్రం పిల్లకి జొరమొచ్చిందని చెప్పండి. భయపడి రాలేదంటే బాధపడుతుంది." ఎవరో పిలిచారు, పెట్టేసింది.

రేవు

క్రిస్మస్ పొద్దున. అందరం కొత్తబట్టలు. సుమ కొత్తగౌను మీద కురిడీలు కట్టించుకుంది. రేవు దాకా సాగనంపడానికి వస్తున్నానంది, అంతవరకే. నక్షత్రం రెండు చేతులతో పట్టుకుని నడిచింది. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు, అవతల లంక కొబ్బరిచెట్ల తలలు మాత్రం కనబడుతున్నాయి.

పడవ సత్తిబాబుది. మనిషికి రెండు రూపాయలు, పిల్లలకి ఊరికే. మార్తమ్మగారు చీర ఎత్తిపట్టుకుని పాతికేళ్ళ పిల్లలా ఎక్కేశారు. సుధాకర్ చిన్నుని చంకనెత్తుకుని ఎక్కాడు. సుమ నక్షత్రాన్ని తమ్ముడికి అందించింది. వాడు అందుకోగానే తోక పట్టి గుంజాడు. "లాగద్దురా, తెగుతుంది" అని మళ్ళీ లాక్కుంది. నక్షత్రంతో గట్టు మీద నిలబడిపోయింది.

"పడవ మునుగుతాదా?" అని సత్తిబాబుని అడిగింది.

"నా చేతుల్లో ఇప్పటిదాకా మునగలేదమ్మా."

"మునిగితే?"

సత్తిబాబు గెడ నీళ్ళలో గుచ్చి ఆలోచించాడు. "మునిగితే నీకేటి భయం. కాయలున్నాయి, తేల్తావు. మార్తమ్మగారు ఈదుతారు. మాస్టారు బాబుని పట్టుకుని ఈదుతారు. నా సంగతి చెప్పక్కర్లేదు."

సుమ అందర్నీ వరసగా చూసింది. నేను అప్పుడే బల్ల మీద కాలు పెట్టి, పడవ ఊగుతుంటే దేన్ని పట్టుకోవాలో తెలియక చేతులు చాపి ఉన్నాను.

"తాతకి ఈత రాదు" అంది.

"రాదా?" అన్నాడు సత్తిబాబు నావైపు తిరిగి.

"కాలవలో పడినాడు. మోకాలి లోతులోనే."

"ఆయ్. కొబ్బరికాయలు కొనుక్కొచ్చినాయన ఈయనేనాండీ?" అని సుధాకర్‌ని అడిగాడు. మార్తమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

సుమ నవ్వలేదు. మెట్టు దిగింది. ఇంకొక మెట్టు దిగింది. సత్తిబాబు గెడ బిగించి పట్టుకుని నిలబడ్డాడు. పడవ అంచు దగ్గర ఆగి, నక్షత్రం నా చేతికిచ్చి, రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"తాతా, నా కాయలు పట్టుకో. మునిగితే ఇడ్సిపెట్టొద్దు."

పట్టుకున్నాను. పడవ కదిలింది. నీళ్ళు చెక్కలకి తగులుతున్న చప్పుడు నా పాదాల కిందే వినబడింది. నిజం చెప్పాలంటే నడిమికి వచ్చేసరికి నేను పిల్ల ధైర్యం కోసం పట్టుకోవడం మానేసి నా కోసమే పట్టుకున్నాను. సుమ కళ్ళు తెరవలేదు గానీ, కాయలు నా పిడికిట్లోనే ఉన్నాయా లేదా అని మాటిమాటికీ వీపు కదిపి చూసుకుంటోంది.

లంక

కరుణ అమ్మమ్మ రూతమ్మగారు అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉన్నారు. చాలా చిన్నమనిషి, తెల్లచీర, ముగ్గుబుట్ట జుట్టు. లొడలొడ చప్పుడుకి తల ఇటు తిప్పారు.

"ఎవరే మార్తా?"

"కరుణ కూతురమ్మా. సుమ."

ఆవిడ చేతులు చాపారు. సుమ వెళ్ళి వాటి మధ్య నిలబడింది. ముసలి వేళ్ళు నుదుటి మీద మొదలుపెట్టి మెల్లిగా కిందికి వచ్చాయి. "నుదురు కరుణదే. చెంపలూ కరుణవే." ముక్కు దగ్గర ఆగారు. "ఇదెవరిదో."

"నాదండీ" అన్నాను.

"పోన్లెండి బాబూ. పెద్దయ్యాక సర్దుకుంటుంది."

చేతులు మెడ దాటి భుజాల మీదికి వెళ్ళాయి. అక్కణ్ణించి వీపు మీదికి. ఒక్కసారి ఆగిపోయాయి. కాయలు రెండూ తడిమారు. ముడి తడిమారు. చెవి దగ్గరకి వంచుకుని ఒకదాన్ని ఊపారు, రెండోదాన్ని ఊపారు.

"కురిడీలు" అన్నారు. "నువ్వే ఏరుకున్నావా?"

"ఊఁ. రెండూ ఒకే సప్పుడు."

"ఒకే చప్పుడు" అన్నారు ఆవిడ. "భయమేసిందా తల్లీ, పడవలో?"

"వేసింది."

"వేసినా వచ్చేవు." మళ్ళీ చేతులు మొహం మీదికి తెచ్చుకుని అలాగే ఉంచుకున్నారు. సుమ కదల్లేదు. చిన్ను కూడా తన వంతు కోసం నోరు మూసుకుని నిలబడ్డాడు.

నక్షత్రాన్ని చూరుకి కట్టాం. గాలికి ఆకుతోక గలగలమంది. ఆవిడ అటు తల తిప్పి విన్నారు, ఎవరు చేశారని అడగలేదు. సుమ తల మీద చెయ్యి వేశారు, అంతే.

పక్కనే ప్రార్థనమందిరం. రూతమ్మగారిని కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. సుమ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను హిందువుని, చివర గోడకానుకుని కూర్చున్నాను. ఎవరో చాప నా కిందికి జరిపారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాక అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో సుమ కాళ్ళు తిమ్మిరెక్కి సర్దుకుంది. లొడలొడ. ఇటువైపు సర్దుకుంది. మళ్ళీ లొడలొడ. నేను తలెత్తలేకపోయాను. అయ్యగారు ప్రార్థన ముగించి కళ్ళు తెరిచి, "మన మందిరానికి గంట ఇంకా కొనలేదు కదా, ఈ యేటికి దేవుడు ఇదిచ్చేడు" అన్నారు. అంతా నవ్వారు. సుమ కూడా నవ్వింది, ఇంకొకసారి కావాలనే కదిపింది.

భోజనాలు అరిటాకుల్లో. గారెలు, కోడికూర, కొబ్బరిపాలు పోసిన బెల్లం పరమాన్నం. ముక్కూ మొహం తెలియని ఇళ్ళవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చి వడ్డించి వెళ్ళారు. మా వైపు పండగ వంట ఇంటింటికీ పంచిపెడతాం. ఇక్కడ అందరూ గిన్నెలు పట్టుకుని ఒకే ఇంటికి వచ్చారు, రూతమ్మగారు కదల్లేరు కనుక. తిన్నాక సుమ తాతమ్మ మంచం మీదే పడుకుంది. కురిడీలు విప్పి ఇద్దరి మధ్యా పెట్టుకుంది. ఆవిడ నిద్రలో కూడా వాటి మీద చెయ్యి తియ్యలేదు.

తిరుగు పడవ

పొద్దువాలుతుండగా రేవుకి బయల్దేరాం. రూతమ్మగారి దగ్గర సెలవు తీసుకుని సుమ గట్టు మీదికి వచ్చేసరికి కురిడీలు చేతిలో ఉన్నాయి, వీపున లేవు. మార్తమ్మగారు కడదామని వంగారు. పిల్ల వెనక్కి జరిగింది.

"నాకు కాదు అమ్మమ్మా. తాతకి కట్టు."

నేను వద్దన్నాను. పెద్దమనిషిని, కొత్తపంచె, చుట్టూ లంకవాళ్ళు సాగనంపడానికి నిలబడి ఉన్నారు. సుమ వినలేదు. సత్తిబాబు గెడ పక్కన పెట్టి వచ్చి, "కూకోండి బాబుగారూ, ముడి నేనేస్తాను. నా ముడి ఊడదు" అన్నాడు. చీరపేలిక నా ఛాతీకి చాల్లేదు. ఎవరో తమ కండువా ఇచ్చారు. ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు చేసి, ఎవరి ముందూ మాట పడని మనిషిని, వీపున రెండు కొబ్బరికాయలతో పడవెక్కాను. గట్టు మీద అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఒక ముసలాయన మాత్రం, "మంచి కాయలండీ, బాగా ఎండేయి" అని ధైర్యం చెప్పాడు.

పడవ నడిమికి వచ్చింది. నేను అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గెడ పడ్డప్పుడల్లా నా వీపున లొడలొడమంటోంది. నీళ్ళ మీద ఎండ ఎర్రగా ఉంది. సుమ నా పక్కనుంచి లేచి అటు అంచుకి జరిగింది. పిలవబోయాను, మార్తమ్మగారి మొహం చూసి మానేశాను. పిల్ల ఒక వేలు నీళ్ళలో పెట్టింది. తర్వాత చెయ్యంతా పెట్టింది. కాసేపు అలాగే ఉంచి, పడవ వెనక నీళ్ళు చీలడం చూసి, తడిచేత్తో వచ్చి అంచు మీద బిగించిన నా చేతి మీద వేసింది.

"సల్లగుండాయి తాతా" అంది. "బాగుండాయి."